నూట పద్నాలుగో నంబరు వేపచెట్టు

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. ఈ మాట ముందే చెప్పుకోకపోతే తర్వాత చెప్పబోయేదానికి విలువ ఉండదు. నమ్మకపోవడానికి మిగతావాళ్లకన్నా నాకు ఎక్కువ కారణాలే ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా హిందూపురంలో ఫోటో స్టూడియో నడుపుతున్నాను. ఏడాదికి ఇద్దరో ముగ్గురో ఏదో ఒక ఫోటో పట్టుకొని కంగారుగా వచ్చేవాళ్లు. పెళ్లి ఫోటోలో వెనకాల తెల్లటి మనిషి కనపడుతున్నాడనీ, చనిపోయిన మేనత్త తలుపు పక్కన నిలబడిందనీ. చూడగానే నాకు తెలిసిపోయేది. ఫ్లాష్ వెలుగు దుమ్ము మీద పడి ఉంటుంది, లేదంటే షట్టరు నెమ్మదిగా పడేసరికి కదిలిన మనిషి చారలాగా వచ్చుంటాడు. విడమరిచి చెప్పి పంపేవాడిని. దయ్యం లేదన్నందుకు నా మీద కోపం పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

అలాంటి నేను ఇప్పుడు రెండు ఫోటోలు ముందర పెట్టుకొని కూర్చున్నాను. నాకు తెలిసిన విద్యంతా వాటి మీద ప్రయోగించాను. నాకు అంతుపట్టలేదు.

మాది దూదేకుల కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. స్టూడియో మా నాయన పెట్టింది. ఆయన కాలంలో గోడకు ఒక పరదా వేలాడేది. దాని మీద కొబ్బరిచెట్లు, పచ్చిక, నీళ్లు. వానకు మొహం వాచిన పల్లెల నుంచి వచ్చిన రైతులు చెప్పులు విప్పి ఆ బొమ్మచెట్ల ముందు నిలబడి ఫోటో తీయించుకునేవాళ్లు. నా చేతికొచ్చాక పరదా పోయి కంప్యూటరు వచ్చింది. పెళ్లికొడుకు వెనకాల ఏ చెట్టు కావాలంటే ఆ చెట్టు అతికించడంలో మస్తాన్ గట్టివాడని ఊళ్లో పేరు.

ఇప్పుడు ఆ పేరుతో పనేం లేదు. పెళ్లిళ్లకు బెంగళూరు నుంచి డ్రోన్లతో దిగుతున్నారు. నాకు మిగిలింది పాస్‌పోర్టు సైజు ఫోటోలు, జిరాక్సులు. అలా ఈగలు తోలుకుంటున్న రోజుల్లో రోడ్డు పని వచ్చింది.

పెనుకొండ దాటాక ధర్మవరం వైపు పోయే ఒక దారిని వెడల్పు చేస్తున్నారు. ఏ ఊరి దగ్గరో చెప్పను. చెబితే రేపే అక్కడ పసుపు కుంకుమలు పోసి, పక్కన హుండీ పెట్టేవాళ్లు తయారవుతారు. మన జనం సంగతి నాకు తెలుసు.

పని ఇది. దారి పక్కనున్న ప్రతి చెట్టుకూ సున్నంతో తెల్లపట్టీ వేసి, ఎర్ర పెయింటుతో నంబరు రాస్తారు. ఛాతీ ఎత్తున టేపు చుట్టి మాను కొలత రాసుకుంటారు. నేను ఫోటోలు తీయాలి. ఒక్కో చెట్టుకు మూడు: నిలువెత్తు చెట్టు ఒకటి, నంబరు కనపడేలా మాను ఒకటి, టేపుతో ఒకటి. ఫోటోలో మనుషులు ఉండకూడదు, పశువులు ఉండకూడదు. కాంట్రాక్టరు తరపున పని చూసే సూపర్వైజరు చంద్ర అనే అతను నన్ను పిలిపించి ఈ పని అప్పగించాడు. ఫోటోలు అతని ద్వారానే ఆఫీసుకు వెళ్తాయి.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు తెగ నచ్చింది. ముప్పై ఏళ్లు మనుషుల మొహాలు తీసీ తీసీ విసుగెత్తి ఉన్నాను. తెల్లవారకముందే హిందూపురంలో బండి తీసి, పెనుకొండ దగ్గర టీ తాగి, ఎండ ముదిరే లోపల పదీ పన్నెండు చెట్లు తీసేవాడిని. చింత, కానుగ, వేప. చాలావాటికి నాకన్నా వయసు ఎక్కువ.

చెట్టును తీయడం మనిషిని తీసినంత సులభం కాదు. మనిషికి గడ్డం కొంచెం పైకెత్తమని చెప్పొచ్చు. చెట్టు చుట్టూ మనమే తిరగాలి. వెనక గుట్ట వచ్చిందంటే కొమ్మలు గుట్టలో కలిసిపోతాయి. లేకపోతే కరెంటు తీగ అడ్డం వస్తుంది. సూర్యుడు మన వీపు వెనక ఉంటే ప్రతి ఆకూ విడివిడిగా వస్తుంది. అదే చెట్టును సూర్యుడికి ఎదురుగా, కింద కూర్చొని తీస్తే నల్లటి పుల్లలు మిగులుతాయి. ఒకే చెట్టును కళకళలాడుతున్నట్టు చూపించొచ్చు, చచ్చినట్టూ చూపించొచ్చు. మనం ఎక్కడ నిలబడ్డామనేదే తేడా. ఈ విద్య ఎందుకు నేర్చుకున్నానా అని తర్వాత చాలాసార్లు తిట్టుకున్నాను.

నూట పద్నాలుగో నంబరు ఒక ఒంటరి వేపచెట్టు. రోడ్డుకు తూర్పు పక్క, ఒక మెట్టచేను అంచున ఉంది. పడమటి పక్కన అంతా రాళ్లూ రప్పలూ, ఎవరికీ పనికిరాని బంజరు. ఆ చెట్టుకు అటు మైలు దూరం, ఇటు మైలు దూరం తలదాచుకోవడానికి ఇంకో నీడ లేదు. నేను వెళ్లింది శివరాత్రి దాటిన వారం. మా వైపు వేపచెట్లు ఆ రోజుల్లో ఆకంతా రాల్చేస్తాయి. రెండు మూడు వారాలు మోడుగా నిలబడి, ఉగాదికల్లా చిగురేసి పూతకొస్తాయి. ఈ సంగతి ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు.

చెట్టు మొదట్లో ఒక ముసలామె కూర్చొని ఉంది. చుట్టూ ముప్పైకి పైగా గొర్రెలు. పేరు లింగమ్మ అని చెప్పింది. చేను ఆమెదే. మోకాళ్లు అరిగిపోయి గుట్ట ఎక్కలేదు. అందుకని రోడ్డు వెంటే మేపుకొని, మధ్యాహ్నం మందను ఆ చెట్టు కింద పడుకోబెట్టుకుంటుంది. నేను కెమెరా బయటికి తీయగానే లేచి వచ్చింది.

“ఏమప్పా, నెంబరేసిపోయినారు, ఇప్పుడు నువ్వొచ్చి ఫోటో తీస్తాండావు. కొట్టేస్తారా దీన్ని?”

“నాకు తెలీదవ్వా. ఫోటో తీసేదే నా పని.”

“నాకు తెలుసులే. కొలతలేసే సారు సెప్పినాడు. బతికుండే పెద్ద మానైతే రోడ్డును ఆ పక్క బంజర్లోకి జరుపుతారంట. ఎండిపోయిన మానైతే కొట్టేస్తారంట. నీ ఫోటో సూసే రాస్తారంట గదా?”

ఆమె చెప్పింది నిజమే. వెనక ఊరి దగ్గర చింతచెట్ల వరసను అలాగే తప్పించి రోడ్డును పక్కకు వంచారు. ఆ చెట్ల ఫోటోలూ నేను తీసినవే.

“ఇప్పుడొద్దు నాయనా,” అంది. “ఆకు రాలి బోసిగ ఉండాది. ఉగాది పోయినాంక రా. అప్పుడు సూడు దీని కళ. ఇది పోతే నాకు గొర్లు లేవప్పా. ఎండలో నిలబెట్టి సంపుకోలేను గదా, అమ్మేయాల్సిందే.”

“సరే అవ్వా. ఉగాది పోయినాంక వస్తా,” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఆమె క్యారియర్లోంచి మజ్జిగ పోసిచ్చింది. తాగి, ఫోటో తీయకుండానే బండెక్కాను.

సాయంత్రం చంద్ర ఫోన్ చేశాడు.

“ఏమబ్బా మస్తానూ, నూటాపద్నాలుగు కనపడలేదే?”

“అది బతికుండే చెట్టన్నా. ఆకు రాల్చింది, అంతే. ఉగాదికి చిగురేస్తాది. అప్పుడు తీస్తా.”

“ఉగాదికి ఏసుకోనీ, ఎవరు వద్దన్నారు? ఇయ్యాల ఎట్లుండాదో అట్ల తీయి. దాంట్లో అబద్ధమేముండాది? అది బతికుండాదంటే ఫైలు ఇంకో ఆఫీసుకు పోతాది, మళ్ల కొలతలు, మళ్ల సంతకాలు. నాకు వానలకు ముందర రోడ్డు కావాల.” గొంతు మార్చాడు. “కదిరి పక్క ఇంకో రోడ్డు పనుండాది. ఫోటోలకు నీ పేరే సెప్పాలనుకుంటాండా.”

నేను రేపు చూస్తానన్నాను. చూస్తాననడంలోనే ఒప్పుకున్నానని నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

మరుసటి రోజు గొర్రెలు రాకముందే వెళ్లాను. అప్పుడే పొద్దు పొడుస్తోంది. రోడ్డు మీద, సూర్యుడికి ఎదురుగా, మోకాళ్ల మీద కూర్చున్నాను. చెట్టుకు రోడ్డు వైపున ఒక కొమ్మ నిజంగానే ఎండిపోయి ఉంది. దాన్ని ముందరికి తెచ్చుకున్నాను. మాను మీద నంబరు తీయడానికి దగ్గరికి వెళ్లినప్పుడు తల ఎత్తి చూశాను. రెమ్మల చివర్లలో చిగురు అప్పటికే ఎర్రగా పొడుచుకొస్తోంది. స్పష్టంగా చూశాను. ఆ చిగురు కనపడనంత దూరం వెనక్కి జరిగి ఇంకో ఫోటో తీసుకున్నాను.

చాలా బాగా వచ్చింది. తెల్లటి ఆకాశం మీద నల్లటి అస్థిపంజరం. ఎవరు చూసినా ఆ చెట్టు చచ్చి అయిదేళ్లయిందనే అంటారు. జాబితాలో నూట పద్నాలుగో నంబరు ఎదురుగా ‘ఎండినది’ అని రాసుకున్నారు. కదిరి రోడ్డు పని మాత్రం నాకు రాలేదు. చంద్ర బామ్మర్ది సెల్‌ఫోన్‌తో తీసేశాడని తర్వాత తెలిసింది. నాకు తగిన శాస్తే జరిగిందని మీరు అనుకోవచ్చు. నేనూ అదే అనుకున్నాను.

ఉగాది వెళ్లాక ఒకసారి ధర్మవరానికి బస్సులో పోతూ ఆ దారిన వెళ్లాను. చెట్టు నిండా ఆకు, పూత. లింగమ్మవ్వ దాని కింద రోడ్డు వైపుకు తిరిగి కూర్చొని, వచ్చే పోయే ప్రతి బండినీ చూస్తోంది. నేను మొహం తిప్పుకున్నాను. బస్సు దిగి, ఒక్క ఫోటో తీసి, నేరుగా ఆఫీసుకు పట్టుకెళ్లి ఉంటే ఏమయ్యేదో తెలియదు. అప్పటికి టైము ఉందన్న సంగతి మాత్రం తెలుసు. దిగలేదు.

మే నెలలో కొట్టేశారు. పచ్చటి ఆకుతో, కాయలతో ఉన్న చెట్టును ఎండిన చెట్టని కొట్టేశారు. రంపం పట్టినవాళ్లకు కళ్లున్నాయి, పక్కన నిలబడి కొట్టించినవాళ్లకు కళ్లున్నాయి. కాగితంలో ఎండినదని ఉంది కాబట్టి అది ఎండినదే. వేర్లు కూడా యంత్రంతో పెకిలించి, గుంత పూడ్చి, పైన తారు పోశారు.

ఇంతవరకు జరిగింది మామూలు దుర్మార్గం. మన దగ్గర రోజూ జరిగేదే. ఇక్కడి నుంచి నాకు అర్థం కానిది మొదలవుతుంది.

మరుసటి ఏడాది ఏప్రిల్ చివర్లో ధర్మవరంలో ఒక పట్టుచీరల అంగడివాళ్లు చీరలు ఫోటో తీయడానికి పిలిచారు. ఉదయమే పని ముగించుకొని మోటార్‌సైకిల్ మీద తిరిగి వస్తున్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. నాకు జ్వరం లేదు. నాకు తాగే అలవాటు లేదు. అన్నం తిన్నాను, నీళ్లు తాగాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

కొత్త రోడ్డు నున్నగా ఉంది. ఎండ మొహాన కొడుతోంది. ఆకాశంలో ఎక్కడా మబ్బు తునక లేదు. లింగమ్మవ్వ చేను దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన గొర్రెలు పడుకొని కనిపించాయి. బండి దానంతట అదే నెమ్మదించినట్టయింది. ఆపాను.

గొర్రెలతో పరిచయం లేనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. నీడ లేని చోట ఎండాకాలం గొర్రెలు పడుకోవు. అన్నీ ఒకచోట గుంపుగా నిలబడి, ఒకదాని పొట్ట కిందికి ఇంకొకటి తల దూర్చుకుంటాయి. మా వైపు రోడ్ల మీద పోతుంటే ఎక్కడైనా కనిపిస్తుంది. ఇవి అలా లేవు. ఒకదానికొకటి ఎడంగా, కాళ్లు మడుచుకొని, నింపాదిగా నెమరు వేస్తున్నాయి. నీడలో పడుకున్న పశువు ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. లెక్కపెట్టాను, పదకొండు. మధ్యలో లింగమ్మవ్వ కాళ్లు చాపుకొని కూర్చుంది. నెత్తిన కొంగు కూడా లేదు. ఆ చుట్టుపక్కల చెట్టు లేదు, పందిరి లేదు, గోడ లేదు.

నా కంటికి అంతా ఒకేలా ఉంది. తెల్లటి నేల, కళ్లు చిట్లించుకోవాల్సినంత ఎండ. ఏం తోచక కెమెరా తీశాను. భయమేసినా, సిగ్గేసినా కెమెరా వెనక దాక్కోవడం నాకు పాత అలవాటు.

కెమెరాకు వెలుగును కొలిచే గుణం ఉంటుంది. ఆ ఎండలో ఏ ఫోటోకైనా షట్టరు సెకనులో అయిదువందో వంతు తెరుచుకుంటే చాలు. గొర్రెల వైపు పెట్టి చూస్తే అరవయ్యో వంతు చూపించింది. అంటే అక్కడ వెలుగు ఎనిమిదో భాగమే ఉందని. కెమెరా చెడిందనుకున్నాను. రోడ్డు వైపు తిప్పాను, అయిదువందలు. చేను వైపు, అయిదువందలు. మళ్లీ గొర్రెల వైపు, అరవై. అయిదారుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాను. లెన్సు తుడిచాను, బ్యాటరీ తీసి పెట్టాను. అదే లెక్క. ఒక ఫోటో తీసుకున్నాను.

ఇంకో సంగతి. నేను అక్కడ ఉన్న అరగంటలో ఆ గొర్రెలు రెండుసార్లు లేచి, నాలుగైదు అడుగులు తూర్పుకు జరిగి మళ్లీ పడుకున్నాయి. ఎవరూ అదిలించలేదు. పొద్దు పడమటికి వాలేకొద్దీ రోడ్డు పక్కన ఉన్న చెట్టు నీడ తూర్పుకే జరుగుతుంది. ఆ చెట్టు ఉన్న రోజుల్లో వాటి వరస అదే.

లింగమ్మవ్వ నన్ను గుర్తుపట్టింది.

“ఫోటోలప్పవు గదా నువ్వు? ఉగాదికి వస్తానని సెప్పి రాకపోతివే.”

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిన్న రావాల్సినవాడు ఇవాళ వచ్చాడన్నట్టు అంది. పనులుండి రాలేకపోయానని గొణిగాను.

“కొట్టేసిరి,” అంది. “సగానికి పైన అమ్మేసినా. ఇవీ పోతాయనుకున్యా. మొదట నాకూ తెలీలేదప్పా. గొర్లే కనుక్కున్యాయి. యాడ పండుకుంటాండాయబ్బా ఇవి అని నేనూ వచ్చి కూసున్యా.” చేత్తో పక్కనున్న నేల తట్టింది. “ఎండలో ఏల నిలబడుకున్నావు? నీడకు రా నాయనా.”

వెళ్లాను. రెండు గొర్రెల మధ్య నుంచి దారి చేసుకొని ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడ్డాను. చల్లదనం తగులుతుందని ఒళ్లంతా ఎదురుచూసింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను, తగలాలని ప్రార్థించాను కూడా. నెత్తి మీద ఎండ ఇసుమంత తగ్గలేదు. చొక్కా కాలర్ దగ్గర మెడ మండుతోంది. చేతిలో కెమెరా పట్టుకోలేనంత వేడిగా ఉంది. అడుగు దూరంలో ఆమె నుదుట ఒక్క చెమటచుక్క లేదు.

“ఎట్లుండాది? సల్లగ ఉండాదా?” అని అడిగింది.

“ఉండాదవ్వా,” అన్నాను. “సల్లగ ఉండాది.”

ఆమె సంతోషంగా తలూపింది. ఆ చెట్టు ఫోటో తీసింది నేనేనని, రెండోరోజు దొంగలాగా వచ్చి తీసుకుపోయానని అప్పుడే చెప్పేయాలనుకున్నాను. చెబితే ఏమవుతుంది? ఆమె తిడుతుందని కాదు నా భయం. సరేలే నాయనా అనేస్తుందేమోనని భయమేసింది. నిలబడిన చోటు నుంచే కెమెరా కిందికి వంచి ఆమెనూ గొర్రెలనూ ఇంకో ఫోటో తీసి, వస్తానవ్వా అని చెప్పి బండెక్కాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకున్నాను. మొదటి ఫోటోలో చుట్టూ నేలంతా తెల్లగా మాడిపోయినట్టు వచ్చింది. ఎండ అంత ఉంది కాబట్టి అలా రావడం సహజమే. మధ్యలో గొర్రెలు, అవ్వ మాత్రం మెత్తటి వెలుగులో, ఉన్ని పోగులు కూడా కనపడేంత చక్కగా వచ్చారు. గొర్రెల వీపుల మీద అక్కడక్కడా చిన్న చిన్న గుండ్రటి వెలుగు చుక్కలు. నేల మీద కూడా. ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ అలాగే పడుతుంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నవాడిని, పొరబడను. నిండుగా ఆకున్న చెట్టు కింద పడే వెలుగు అది. ఏ ఆకును కనపడకుండా చేయడానికి నేను వెనక్కి జరిగానో ఆ ఆకు ఇక్కడ పనిచేస్తోంది.

నా భార్యను పిలిచి, ఏమీ చెప్పకుండా ఫోటో చూపించాను. ఇది ఎక్కడ తీశాననుకుంటున్నావు అని అడిగాను.

“యాప చెట్టు కింద. ఇది కూడా అడగల్నా?” అని పొయ్యి మీద పాలున్నాయని వెళ్లిపోయింది.

తర్వాత తెలిసినవాళ్లకు ఇద్దరు ముగ్గురికి చూపించాను. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఒకాయన మబ్బు నీడ అన్నాడు. పదకొండు గొర్రెల మీదే పడి, అరగంటలో రెండుసార్లు నాలుగైదు అడుగులు మాత్రమే జరిగే మబ్బు ఎక్కడుంటుందో ఆయన చెప్పలేదు. మిగతావాళ్లు నవ్వారు. పెళ్లికొడుకుల వెనక చెట్లు అతికించేవాడివి, చెట్టు నీడ అతికించలేవా అన్నారు. నేను తీసిన అబద్ధపు ఫోటోను ఒక ఆఫీసు మొత్తం నమ్మింది. ఈ ఫోటోను నమ్మేవాడు ఒక్కడు దొరకలేదు. అప్పటి నుంచి చూపించడం మానేశాను.

రెండో ఫోటో ఎవరికీ చూపించలేదు. అది నేను వాళ్ల మధ్య నిలబడి తీసింది. అందులో అవ్వ పక్కన నీడ పడలేదు, ఏ గొర్రె పక్కనా నీడ పడలేదు. చెట్టు కింద కూర్చున్నవాళ్లకు విడిగా నీడ ఉండదు కదా. కాని ఫోటో అడుగున, రెండు గొర్రెల మధ్య నేల మీద, కెమెరా పట్టుకొని నిలబడ్డ ఒక మనిషి నీడ కత్తితో కోసినట్టు నల్లగా ఉంది. అది నాది. అంతమందిలో ఎండలో ఉన్నవాడిని నేనొక్కడినే.

ఆ తర్వాత ఆ దారిన నాలుగైదుసార్లు పోయాను. వానాకాలంలో ఏమీ కనపడలేదు. ఎండలు మొదలయ్యాక మళ్లీ గొర్రెలు అక్కడే పడుకుంటున్నాయి. అవ్వ మిగిలినవాటిని అమ్మలేదు. ఈసారి రెండు పిల్లలు కూడా ఉన్నాయి. బండి చప్పుడు వినగానే చెయ్యెత్తి నీడకు రమ్మని పిలుస్తుంది. ప్రతిసారీ వెళ్తాను. ప్రతిసారీ ఎట్లుందని అడుగుతుంది, చల్లగా ఉందనే చెబుతాను. నిజం చెప్పే ధైర్యం ఇంతవరకు రాలేదు.

ఆ నీడ ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలియదు. తెలిసినవాళ్లెవరైనా చెబితే వింటాను. అది నా మీద ఎందుకు పడదన్నది మాత్రం నేను ఎవరినీ అడగలేదు.